జర తినరాదు, బిడ్డా

హనుమకొండ,
ఆదివారం పొద్దున

ఒరేయ్ దోస్తూ,

నిన్న రాత్రి నీ ట్రాన్స్‌ఫర్ కబురు విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. ‘ఒక్క నెల వచ్చి మా ఊళ్లో ఉండి పోరా’ అని ఎన్నేళ్లుగా అడుగుతున్నానో నీకు తెలుసు. ఇప్పుడు మీ బ్యాంకు వాళ్లే నిన్ను మూడేళ్లకు పంపిస్తున్నారు. మా అమ్మకు చెప్తే ‘ఆ తెనాలి పిల్లగాడేనా?’ అని రెండుసార్లు అడిగింది.

కానీ ఫోన్ పెట్టేసే ముందు నువ్వన్న మాట రాత్రంతా మనసులో తిరుగుతూనే ఉంది. ‘మా ఆవిడ టెన్షన్ పడుతోందిరా, అక్కడి మాట అర్థం కాదట, కసిరినట్టు మాట్లాడతారట’ అన్నావు. చెల్లెమ్మ భయం నాకు అర్థమవుతుంది. ఎవరో చెప్పగా విన్నది కదా. అందుకే పొద్దున్నే చాయ్ తాగి కాగితం ముందేసుకున్నాను. ఇది ఫోన్లో తెమిలే ముచ్చట కాదు. ఇదిగో, ఇక్కడే మొదలుపెడతాను. మీ వైపు ముచ్చట అంటే ముద్దు, సరదా. మాకు ముచ్చట అంటే మాట, విషయం, కబురు అన్నీనూ. ‘నీతోని ఒక ముచ్చట ఉన్నది’ అని ఎవరైనా బ్యాంకులో నీ టేబుల్ దగ్గరికి వస్తే, అది లోను సంగతి కావచ్చు, ఇంట్లో చావు సంగతి కూడా కావచ్చు.

నువ్వు మొదటిసారి మా ఇంటికొచ్చిన దసరా సెలవులు గుర్తున్నాయా? నాకు నిన్నటిలా ఉంది. పీట మీద కూర్చున్నావు. పళ్లెంలో అన్నం, పుంటికూర పప్పు, గిన్నెలో పచ్చిపులుసు. కొత్త చోటు కదా, నువ్వు మెతుకులు కెలుకుతున్నావు. మా అమ్మ చూసి చూసి, ‘జర తినరాదు, బిడ్డా’ అంది. నువ్వు టక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నావు. అమ్మ బెదిరిపోయింది. కూర బాగా లేదేమో, ఉప్పు ఎక్కువైందేమో అనుకుని ఇంకాస్త దగ్గరికి జరిగి, ‘ఏందయ్యా, తినరాదు!’ అంది మళ్లీ. నువ్వు పళ్లెం ముందు నుంచే లేవబోయావు. ఆ రోజు నీ మొహం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. పెట్టిన అన్నం ముందు కూర్చోబెట్టి తినకూడదు అంటున్నారు, ఏం తప్పు చేశానో అని దిక్కుతోచక నా వైపు చూశావు.

తప్పు ఎవరిదీ కాదు. మీ దగ్గర ‘రాదు’ అంటే వద్దు, కూడదు. మా దగ్గర అదే ‘రాదు’ బతిమాలుకోవడం. తినరాదు అంటే తినొచ్చు కదా, తినవూ అని. కూసోరాదు అంటే కాసేపు కూర్చోమని. చెప్పరాదు అంటే నాకు చెప్పుకోవచ్చు కదా అని. అడిగినట్టు వినబడదు కానీ అది అడగడమే. చివర రావలసిన ప్రశ్న మా గొంతు ఎత్తులోనే ఉంటుంది, అక్షరంలో ఉండదు. ఆఫీసు గుమ్మం మీద ‘లోపలికి రారాదు’ అని రాసి ఉంటే మేమూ ఆగిపోతాం, ఆ తెలుగూ మాకు వచ్చు. ఇంటి గుమ్మంలో నిలబడి ‘లోపలికి రారాదు’ అని ఎవరైనా అంటే మాత్రం చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. చెల్లెమ్మకు ముందుగా ఈ ఒక్కటి చెప్పు. మీ పక్కింటి ఆవిడ మొదటి రోజే ఈ మాట అంటుంది.

రెండోది, ‘నువ్వు’ అని పిలవడం. మీ వైపు మీరు, గారు, అండి లేకుండా మాట నడవదు. ఇక్కడ ఇంటి ఓనరు వచ్చి ‘ఏం తమ్మీ, సామాన్లు దించినవా?’ అంటాడు. కూరగాయలమ్మే అవ్వ ‘ఏం కావాలె బిడ్డా, నువ్వు తీసుకో’ అంటుంది. అందులో చిన్నచూపు వెతకొద్దు. మా మర్యాద క్రియాపదంలో కన్నా వరుసలో ఎక్కువ ఉంటుంది. అన్నా, అక్కా, కాకా, చిన్నమ్మా అని పిలిచాక ఇంకా దూరం పెట్టి మీరు అనడం మాకే కొత్తగా అనిపిస్తుంది. వరుస పెట్టి పిలిచారంటే మిమ్మల్ని ఇంట్లో మనుషుల్లో కలుపుకున్నారన్నట్టే.

కసిరినట్టు ఉంటుందని ఎవరన్నారో కానీ, వాళ్లు మనుషుల్ని వదిలేసి శబ్దం ఒక్కటే విన్నారు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానో నీకు తెలుసు. మనం చదివిన కాలేజీలో, మొదటి వారం, ఆ లెక్చరర్ నన్ను నిలబెట్టి ఎప్పుడొచ్చావని అడిగాడు. ‘నిన్న మాపటికి వచ్చిన సార్’ అన్నాను. వచ్చిన... వచ్చిన... అని ఆయన రెండుసార్లు సాగదీసి, ‘వచ్చిన మనిషా, వచ్చిన బస్సా, వాక్యం పూర్తి చెయ్’ అన్నాడు. క్లాసంతా నవ్వింది. మీ తెలుగులో ‘వచ్చిన’ అన్న మాట తర్వాత ఇంకో మాట రావాలి. మా తెలుగులో వచ్చిన అంటే వచ్చాను అనే, అక్కడితో వాక్యం పూర్తి. నేను తప్పు మాట్లాడలేదురా. ఆ తర్వాత ఆరు నెలలు, నోరు తెరిచే ముందు ప్రతి వాక్యాన్నీ మనసులో ఒకసారి మీ తెలుగులోకి దిద్దుకునే మాట్లాడాను. ఆ రోజు నవ్వనిది నువ్వొక్కడివే. ఆ రాత్రి హాస్టల్‌లో ‘మాపటికి అంటే సాయంత్రమా?’ అని అడిగావు చూడు, అప్పటి నుంచే మనం దోస్తులం.

ఈ మాటలు ఎక్కడి నుంచో ఊడిపడ్డవి కావు. మబ్బు పడితే మా అమ్మ ‘మొగులైంది’ అంటుంది. పాత తెలుగులో మేఘానికి ఉన్న మాటే అది. జాను తెనుగు, అంటే అందరికీ తెలిసే తెలుగు కావాలన్న పాతకాలపు కవి పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి ఇక్కడికి దగ్గరే, ఒకప్పుడు మా వరంగల్ జిల్లాలోదే. ఇక ఉర్దూ మాటలు ఎందుకు ఇన్ని ఉన్నాయంటావా, 1948 సెప్టెంబరు దాకా మాది నిజాం రాజ్యం. కచేరీలో కాగితం, కోర్టులో తీర్పు అన్నీ ఉర్దూలోనే. ఆస్పత్రి దవాఖాన, అద్దె కిరాయి, స్థలం జాగ, కుళాయి నల్లా. నువ్వు రోజూ దాటబోయే అదాలత్ స్టాపు కోర్టు పేరే. పక్కనున్న సుబేదారి, నిజాం కాలపు పెద్ద అధికారి సుబేదారు ఉన్న చోటు. సెంటర్ ఎక్కడ అని అడిగితే ఆలోచిస్తారు, చౌరస్తా అను, వెంటనే చూపిస్తారు.

దారి అడిగేటప్పుడు ఇంకో చిక్కుంది. ‘నేను కాజీపేటకెల్లి వస్తున్న’ అంటే కాజీపేటకు వెళ్లి వస్తున్నాడని కాదు, కాజీపేట నుంచి వస్తున్నాడని. కెల్లి అంటే నుంచి. ‘యాడికెల్లి?’ అని అడిగితే ఎక్కడి నుంచి అని. ‘గోడ పొంటి పో’ అంటే గోడ వెంబడే పొమ్మని.

ఇప్పుడు నీ పనికి అక్కరకొచ్చేవి చెప్తాను, వీటిని మనసులో పెట్టుకో. నీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది రైతులే ఉంటారు. పొద్దున ఫోన్ చేస్తే ‘బాయికాడ ఉన్న సార్, మాపటికి వస్త’ అంటాడు. బావిలో నీళ్లు తోడుకుంటున్నాడని అనుకోకు, పొలంలో ఉన్నాడని. మీకు కృష్ణ కాలవ ఇంటి ముందుకే వస్తుంది. మాకు ఎవుసం, అదే వ్యవసాయం అంటే ముందు బాయి, తర్వాతే భూమి. అందుకే పొలాన్నే బాయి అంటాం. బాయిలో ఊట ఉండాలంటే ఊరి చెరువు నిండాలి. కాకతీయులు కట్టించిన రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. ప్రతి ఊరికీ ఒక చిన్న చెరువు ఉంది. మంచి వాన పడ్డ మర్నాడు నీ బ్రాంచిలో ఒక మాట చెవిన పడుతుంది: ‘మత్తడి దుంకుతుంది!’ ఎవరో దూకుతున్నారని కంగారు పడొద్దు. చెరువు నిండి అలుగు మీంచి నీళ్లు దూకుతున్నాయని. ఆ మాట అన్నవాడి మొహం ఒకసారి చూడు. ఆ ఏడు వాడు నీ బాకీ కడతాడు. మత్తడి దుంకిన రోజు నేను చిన్నప్పుడు బడి ఎగ్గొట్టి మరీ వెళ్లేవాడిని. ఊరు ఊరంతా కట్ట మీదే ఉండేది, ఆడవాళ్లు పసుపు కుంకుమ చల్లేవాళ్లు. ఈసారి వానలు పడితే నిన్ను తీసుకెళ్లి చూపిస్తాను.

మీ అటెండరు వచ్చి ‘అవ్వకు పానం మంచిగ లేదు సార్’ అంటే, ముసలమ్మ ప్రాణం మీదికి వచ్చిందని కాదు. అవ్వ అంటే తల్లి, పానం మంచిగ లేదంటే ఒంట్లో బాగా లేదని. అలాగని సెలవు ఇవ్వకుండా ఉండకు. ఎవరైనా ‘నాకు ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు’ అంటే మొత్తం ముగ్గురు, బిడ్డ అంటే కూతురు. ‘ఆగం కాకు సార్’ అంటే తొందరపడి తికమక పడొద్దని, ఆగవద్దని కాదు. ‘ఇగురం ఉన్నోడు’ అంటే తెలివిగా, ఒడుపుగా చేసుకొచ్చేవాడు. మీ ఇగురు కూరకూ దానికీ సంబంధం లేదు.

అన్నిటికన్నా బంగారం సంగతి మర్చిపోకు. మేడారం జాతర రెండేళ్లకు ఒకసారి వస్తుంది. ఆ రోజుల్లో ‘మా బిడ్డ ఎత్తు బంగారం ఇస్తమని మొక్కినం’ అని నీ ఎదురుగానే మాట్లాడుకుంటారు. గోల్డ్ లోను కోసం వచ్చారనుకునేవు. సమ్మక్క సారలమ్మల దగ్గర బెల్లమే బంగారం. మనిషి అరవై కిలోలుంటే అరవై కిలోల బెల్లం తూచి గద్దె దగ్గర సమర్పిస్తారు. ఎంత లేనివాడైనా అమ్మకు బంగారం ఇచ్చుకునే వీలుంది. ఆ మాట విన్నప్పుడల్లా నా గుండె నిండుతుంది.

సంతలో చెల్లెమ్మకు పెద్దగా కష్టం ఉండదు. గోంగూర పుంటికూర, బంగాళాదుంప ఆలుగడ్డ, మొక్కజొన్న మక్కజొన్న, కరివేపాకు కల్యమాకు. గారెల దగ్గర మాత్రం జాగ్రత్త. పండక్కి ఎవరైనా గారెలు ఇస్తామంటే మినపగారెలు అనుకుని అల్లం పచ్చడి నూరొద్దు. మా గారెలు బియ్యప్పిండితో చేసే కరకరలాడేవి, మీరు చెక్కలంటారు. పనమ్మాయి ‘దూపైతుంది’ అంటే అగరుబత్తి కాదు, దాహం వేస్తోందని.

సామెతలు రాయాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది. నాకిష్టమైనది ఒకటి చెప్తాను: చారాణ కోడికి బారాణ మసాలా. చారాణ అంటే నాలుగణాలు, పావలా. బారాణ అంటే పన్నెండణాలు, ముప్పావలా. కోడి ఖరీదుకు మూడింతలు మసాలాకే అయిందన్నమాట. పాత టీవీ బాగు చేయించడానికి కొత్త టీవీ అంత ఖర్చు పెడితే మా నాన్న ఇదే అనేవాడు. అణాలు పోయి ఇన్నేళ్లయినా ఈ సామెతలో మాత్రం ఉన్నాయి.

కరీంనగర్ వైపు క్యాంపుకు వెళ్తే అక్కడ మళ్లీ వేరు, మాకే ఒక్కోసారి నిదానిస్తే కానీ అందదు. మేం వస్త అంటే వాళ్లు అత్త అంటారు. ‘రేపు అత్త సార్’ అంటే రేపు వస్తానని.

మీ పాప గురించి కూడా చెప్పాలి. సెప్టెంబరు 9 మా కవి కాళోజీ పుట్టినరోజు, ఇక్కడ దాన్నే తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతారు. బళ్లో పిల్లల చేత పాటలు, మాటలు చెప్పిస్తారు. పాపను వెనక్కి లాగకు, ముందుకు తోయి. నెలలోపే ‘నాన్నా, నేను అన్నం తిన్న’ అంటుంది. దిద్దకురా. అలాగే అది మీ అండి అంటే మా పిల్లలు నవ్వకూడదని ఇంట్లో గట్టిగా చెప్పాను. నాకు ఆ క్లాసులో జరిగింది పాపకు ఇక్కడ జరగనివ్వను.

ఇల్లు ఒకటి చూశాను. నక్కలగుట్టలో, మొదటి అంతస్తు, రెండు గదులు, వంటింటికి తూర్పు కిటికీ. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది, బోరు కూడా ఉంది. కిరాయి కాస్త తగ్గించమని అడిగాను, ‘నీ దోస్తు గదా, చూద్దాం తియ్యి’ అన్నాడు ఓనరు. అంటే తగ్గించినట్టే. బుధవారం దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. చెల్లెమ్మతో మాట్లాడి ఫోన్ చెయ్. కాజీపేటలో దిగే రోజు రైలు ఎన్నింటికో కూడా చెప్పు, పచ్చిపులుసుకు చింతపండు అమ్మ అప్పుడే నానబెట్టుకోవాలి.

నీ దోస్తు