మేయర్ ఎన్నికను మార్చిలోనే ముగించకండి

సంపాదకుడు గారికి,

కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో మేయర్ ఎన్నికను అధ్యక్ష ఎన్నికల ఏడాదికి జరిపిన ‘మెజర్ బి’ అనే బ్యాలెట్ ప్రతిపాదనకి 2022 జూన్‌లో అనుకూలంగా ఓటేసినవాళ్లలో నేనొకణ్ణి. ఆ నిర్ణయం మంచిదని ఇప్పటికీ గట్టిగా నమ్ముతున్నాను. అయితే ఆ పని సగంలో ఆగిపోయింది. మిగతా సగం 2028 ఎన్నికలకు ముందే పూర్తి చేయించాలి. మీ పత్రిక చదివే బే ఏరియా తెలుగువాళ్లు ఈ విషయం పట్టించుకోవాలనే ఈ ఉత్తరం.

అంతకుముందు ఇక్కడ మేయర్ ఎన్నిక అధ్యక్ష ఎన్నికలు లేని ఏడాదిలో జరిగేది. ఆ ఏళ్లలో పోలింగ్ బాగా పడిపోతుంది. కాలిఫోర్నియా మొత్తం మీద 2020 నవంబర్‌లో నమోదైన ఓటర్లలో 80 శాతానికి పైగా ఓటేస్తే, 2022 నవంబర్‌లో 51 శాతం దగ్గరే ఆగింది. అలా తగ్గినప్పుడు ముందు జారిపోయేది కుర్రవాళ్లు, అద్దె ఇళ్లవాళ్లు, కొత్తగా పౌరసత్వం వచ్చినవాళ్లు. అందుకే మేయర్ ఎన్నికను అధ్యక్ష ఎన్నికల ఏడాదికి జరిపారు. లెక్క కుదరడానికి 2022లో గెలిచిన మేయర్‌కి ఆ ఒక్కసారికి రెండేళ్లే ఇచ్చారు. 2024 నుంచి మళ్లీ నాలుగేళ్లు. అదే 2022 నవంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు ఇందుకోసమే ‘ప్రపొజిషన్ హెచ్’ నెగ్గించి, అప్పటి మేయర్ పదవీకాలాన్ని ఏడాది పొడిగించారు.

చిక్కంతా మా చార్టర్‌లోని, అంటే నగర పాలనకు మూలమైన నిబంధనావళిలోని, ఇంకో నిబంధనతో వచ్చింది. ప్రైమరీలో, అంటే నవంబర్ ఎన్నికకు ముందు జరిగే తొలి దశ పోటీలో, ఎవరికైనా సగానికి మించి ఓట్లు వస్తే కథ అక్కడితో సరి, నవంబర్ దాకా పోనక్కర్లేదు. 2024 మార్చిలో జరిగింది అదే. 2022లో గెలిచిన మేయర్ మాట్ మహాన్ 80 శాతానికి పైగా ఓట్లతో ప్రైమరీలోనే గెలిచేశారు. ఆయన నవంబర్‌లోనూ గెలిచేవారేమో, ఆ గెలుపు మీద నాకు అభ్యంతరం లేదు. కానీ నవంబర్‌లో ఎక్కువమంది ఓటేస్తారు కాబట్టే ఎన్నికల ఏడాది మార్చాం. తీరా ఆ నవంబర్ బ్యాలెట్‌లో మేయర్ పోటీయే లేకుండా పోయింది. మార్చిలో రాష్ట్రవ్యాప్తంగా ఓటేసినవాళ్లు 35 శాతం లోపే.

ఆ మార్చి బ్యాలెట్ ఎలా ఉందో గుర్తు చేస్తాను. సెనేట్ సీటు రెండుసార్లు కనిపించింది, పూర్తి కాలానికి ఒకసారి, మిగిలిన కాలానికి ఇంకోసారి. మన తెలుగు కుటుంబాల్లో ఏ పార్టీ పేరూ రాయకుండా ఓటరుగా నమోదైనవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లకు వచ్చిన బ్యాలెట్‌లో అధ్యక్ష అభ్యర్థుల పేర్లే ఉండవు, కావాలంటే విడిగా అడిగి తెప్పించుకోవాలి. దాంతో ‘ఇది పార్టీలవాళ్ల గొడవ, మనకెందుకు’ అనుకుని, పోస్టులో ఇంటికొచ్చిన బ్యాలెట్ కవరు విప్పకుండా పక్కన పడేసినవాళ్లు మా పేట బెర్రియెస్సాలో నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. అదే కవరులో, పార్టీతో సంబంధం లేని మేయర్ పోటీ ఉందని వాళ్లకు తెలియదు. నవంబర్‌లో ఉత్సాహంగా వచ్చి మేయర్ పేరు ఎక్కడని వెతికారు.

దీనికి మందు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. శాన్ డియేగో ఓటర్లు 2016లో ‘మెజర్ కె’ నెగ్గించి, ప్రైమరీలో ఎన్ని ఓట్లు వచ్చినా సరే, మొదటి ఇద్దరూ నవంబర్‌లో తలపడాల్సిందేనని నిర్ణయించారు. అదీ శాన్ హోసేలాగే సొంత చార్టర్ ఉన్న నగరమే. మా సిటీ కౌన్సిల్ ఇలాంటి ప్రతిపాదననే ఓటర్ల ముందు పెట్టాలి.

అధ్యక్ష ఎన్నికల హోరులో ఊరి సంగతులు ఎవరికీ వినపడవని కొందరంటారు. ఆ భయం నిజమే. అయినా హోరులో ఓటేసే జనం, అసలు ఓటేయని జనం కంటే నయం. మేయర్‌కి కౌన్సిల్‌లో ఉన్నది 11 ఓట్లలో ఒక్కటే కదా అని తేలిగ్గా తీసేయడం కూడా సరికాదు. పోలీసులకెంత, ఇల్లు లేనివాళ్ల వసతికెంత అన్న చర్చ ఏటా మేయర్ రాసే బడ్జెట్ సందేశంతోనే మొదలవుతుంది.

హైదరాబాద్‌లో 2002లో జనం మేయర్‌ని నేరుగా ఎన్నుకున్నారు. 2009లో గ్రేటర్ ఎన్నికలు వచ్చేసరికి ఆ ఓటు కార్పొరేటర్లకూ ఎక్స్ అఫీషియో (పదవిరీత్యా వచ్చే) సభ్యులకూ పోయింది. మార్చమంటారా అని నగర ఓటర్లను అడిగినవాళ్లు లేరు. ఇక్కడ అలాంటి ప్రశ్న బ్యాలెట్ మీదే వస్తుంది, జవాబు చెప్పే హక్కు మనకుంది. అందుకే శాన్ హోసేలో ఉన్న పాఠకులు తమ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ సభ్యులకు ఈ మాట రాయాలని కోరుతున్నాను. ఈలోగా నిబంధన మారకపోతే, 2028 ప్రైమరీ కవరు రాగానే విప్పండి. మిగతావి ఖాళీగా వదిలేసినా సరే, మేయర్ గడి నింపి, సంతకం పెట్టి పంపండి.

ఇట్లు,
ఒక తెలుగు ఓటరు,
బెర్రియెస్సా, శాన్ హోసే