మెఫా పుస్తకం, మన చెరువు లెక్క

మస్కట్

చిన్నా,

నేను కులాసా. అమ్మకి, నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

నిన్న ఫోన్లో "ఆఖరి సంవత్సరం కదక్కా, మెఫా, మేనేజ్‌మెంట్ సైన్స్ ముందురోజు రాత్రి చదివేస్తే పాసైపోతాం" అన్నావు. ఖర్చు, లాభం లెక్కలు చెప్పే ఆ మెఫా (మేనేజీరియల్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్) కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేనూ అలాగే పాసయ్యాను. అందుకే ఫోన్లో తేల్చేయకుండా కూర్చుని రాస్తున్నాను.

ఇక్కడ సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే ప్లాంటులో చేరిన కొత్తలో, ఒక పాత పంపు మార్చాలని రిపోర్టు రాశాను. హెడ్, ఎఫిషియెన్సీ, వైబ్రేషన్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీటింగులో ఒక్కటే అడిగారు: "పెట్టిన డబ్బు ఎన్నాళ్లలో తిరిగొస్తుంది?" నా దగ్గర జవాబు లేదు. ఆ పంపు ఇంకో ఏడాది కరెంటు తింటూ అలాగే నడిచింది. పేబ్యాక్ పీరియడ్ అంటే రెండు మార్కుల ప్రశ్నగా బట్టీ పట్టినదాన్నే, అవసరం పడ్డ చోట గుర్తే రాలేదు.

నీకు అలా కాకూడదు. బ్రేక్ ఈవెన్ పాఠం తెరిచి, పక్కన మన ఎకరం రొయ్యల చెరువు పెట్టుకో. పంటకి లీజు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల రిపేర్లు కలిపి 75,000 అనుకో. రొయ్య పండినా పండకపోయినా అది కట్టాల్సిందే, ఫిక్స్‌డ్ కాస్ట్. మేత, పిల్ల, మందులు, కరెంటు కలిసి కిలోకి 200 పడుతుందనుకో. 100 కౌంట్ రొయ్య, అంటే కిలోకి వంద తూగేది, కిలో 250కి పోతే కిలోకి 50 మిగులుతుంది. అంటే 1,500 కిలోలు పడితే అసలు వచ్చినట్టు. ఇప్పుడు ధర 20 రూపాయలు తగ్గించి చూడు. మిగిలేది 30, పట్టాల్సింది 2,500 కిలోలు. ధర వందకి ఎనిమిది తగ్గితే, అదనంగా టన్ను రొయ్య పండించాలి! 2025 ఆగస్టులో మన రొయ్యలు కొనే అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు మన ఊళ్లో అందరి మొహాలూ ఎందుకలా వాడిపోయాయో ఈ లెక్క వేశాకే నాకు పూర్తిగా అర్థమైంది.

అప్పుడు నాన్నగారు ఇంకో పది రోజులు ఆగాలా, వెంటనే పట్టేయాలా అని తల పట్టుకున్నారు గుర్తుందా? ఇన్నాళ్లు పోసిన మేత ఎటూ తిరిగి రాదు. రేపటి నుంచి పోసే మేతకి ఎంత బరువు, ఏ కౌంటు ధర వస్తాయి, ఈలోగా వైట్ స్పాట్ తెగులు వస్తే ఏంటి, చూడాల్సింది అంతే. ఇంకాస్త పండించడానికి అయ్యే అదనపు ఖర్చు, అంటే మార్జినల్ కాస్ట్ పాఠమంతా అందులోనే ఉంది.

ఇంకోటి. 2011 సార్వాకి (ఖరీఫ్ పంటకి) కోనసీమలో రైతులు క్రాప్ హాలిడే అన్నారు. నేను హైస్కూల్లో ఉన్నాను, నువ్వు చిన్నపిల్లాడివి. కాలవ నిండా నీళ్లున్నా చేలు బీడుపెట్టడమేంటని తాతగారిని అడిగాను. "ఊడిస్తే ఇంకా అప్పవుద్దమ్మా" అన్నారు. ఆ ఏడు వడ్ల మద్దతు ధర క్వింటాలుకి 1,080 రూపాయలు. కూలీ, ఎరువులు కూడా రాని ధరకి ఉత్పత్తి ఆపడమే తక్కువ నష్టమని నీ పుస్తకంలో గ్రాఫు గీసి ఉంటుంది, షట్‌డౌన్ పాయింట్ అని. తాతగారు ఆ గ్రాఫు చూడలేదు.

మేనేజ్‌మెంట్ సైన్స్‌లో సీపీఎం (క్రిటికల్ పాత్ మెథడ్) లెక్కలు మాత్రం చేత్తో వేసి చూడు. ప్లాంటు ఆపి రిపేర్లు చేసేటప్పుడు ఏ పని ఒక రోజు ఆలస్యమైతే మొత్తం ఆలస్యమవుతుందో మాకు అదే చెబుతుంది.

ఈ ఆదివారం ఇంటికి వెళ్తావు కదా. నాన్నగారి నోటుబుక్ తీసుకుని కిందటి రెండు పంటల బ్రేక్ ఈవెన్ వేసి నాకు పంపు. అందులో ఒక ఖర్చు ఎక్కడా కనిపించదు. రాత్రిళ్లు గట్టు మీద టార్చిలైటుతో తిరిగే ఆయన కష్టం. మీ పుస్తకంలో ఇంప్లిసిట్ కాస్ట్ అంటారు. మద్దతు ధర సిఫారసు చేసే కమిషన్ కూడా ఇంటివాళ్ల శ్రమకి విలువ కట్టి ఖర్చులో కలుపుతుంది. నువ్వూ రోజుకింతని నాన్నగారి కూలి రాయి. వద్దంటారు, నవ్వేస్తారు కూడా. అయినా రాయి.

మీ అక్క