మన చిత్రకళాభిమానుల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాదంతా ఒకే విషయం పట్టుకుందామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం: ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐరోపాలో నైరూప్య చిత్రకళ, అంటే వస్తువుల రూపం చూపించకుండా రంగులు, గీతలతోనే వేసే చిత్రకళ, ఎలా పుట్టిందన్నది. అప్పుడే ఒక పెద్దాయన లేచి, "బొమ్మే లేకపోతే అది చిత్రం ఎట్లా అవుతుందండీ?" అని అడిగారు. ఏడాది పొడవునా మేం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగాం. ఎండలు ముదిరిన మే నెల తప్ప ప్రతి నెలా ఒక ఆదివారం కలిశాం.

రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీతో మొదలుపెట్టాం. మాస్కోలో లా చదివిన ఈయన 1896లో, ముప్ఫయ్యో ఏట, ప్రొఫెసర్ ఉద్యోగం వద్దనుకుని బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లారు. ఆ రోజుల్లోనే మాస్కో ప్రదర్శనలో ఫ్రెంచి చిత్రకారుడు మోనే వేసిన గడ్డివాము చిత్రం చూశారు. కేటలాగు చెబితే గానీ అది గడ్డివామని ఆయనకు తెలియలేదు. అయినా ఆ రంగులు ఆయన్ని వదల్లేదు. 1911 జనవరిలో సంగీతకర్త షోన్‌బర్గ్ కచేరీ విని వచ్చి వేసిన చిత్రాన్ని మనం గంటసేపు చూశాం. పైన పియానో ఒక నల్లటి ముద్ద, మిగతాదంతా ముంచెత్తే పసుపు. కచేరీలకు అలవాటుపడిన మన సభ్యులకు ఇది చప్పున అందింది. రాగం ఏ వస్తువునూ చూపించదు కదా!

డచ్ చిత్రకారుడు మోండ్రియన్ దగ్గర ఇబ్బంది వచ్చింది. అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్‌లో ఎరుపు నారింజలా, నీలం బూడిదలా కనిపించాయి. అందరికీ టెన్షన్. ఆ సమావేశం ఆపేసి, తర్వాతి నెలకి మంచి కలర్ ప్రింట్లు తీయించాం. 1908లో మొదలుపెట్టిన ఎర్ర చెట్టు, 1911 నాటి బూడిదరంగు చెట్టు, 1912లో పూసిన ఆపిల్ చెట్టు, ఈ మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచాం. మొదటిదాంట్లో కొమ్మలు కొమ్మల్లాగే ఉన్నాయి. మూడోదాంట్లో ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలే మిగిలాయి. ఆ పెద్దాయన కళ్లజోడు సర్దుకుని, చెట్టు మొదలు ఎక్కడుందో వేలితో వెతికి పట్టుకున్నారు. ఏళ్ల తరబడి చెట్టును చూసీ చూసీ చేరుకున్న గీతలివి. చేతకాక బొమ్మ వదిలేశారనే మాట మన సంఘంలో ఇక వినపడకూడదని నా కోరిక.

రష్యన్ చిత్రకారుడు మాలెవిచ్‌కు ఒక్క ఆదివారమే దక్కింది, అది లోటే. 1915 డిసెంబరులో పెట్రోగ్రాడ్‌లో ఆయన 'నల్ల చతురస్రం' చిత్రాన్ని రష్యన్ ఇళ్లలో దేవుడి పటం పెట్టే మూలలో, పైకప్పుకు దగ్గరగా వేలాడదీశారు.

మన మొదటి ప్రణాళికలో స్వీడన్ చిత్రకారిణి హిల్మా అఫ్ క్లింట్ పేరే లేదు. ఒక సభ్యురాలు గట్టిగా పట్టుబట్టబట్టి చేర్చాం. ఆవిడకు సంఘం రుణపడి ఉంది. స్టాక్‌హోమ్‌లో అకాడమీ చదువు చదివిన హిల్మా 1906లోనే, కాండిన్‌స్కీ కంటే ముందే, బొమ్మను దాటిపోయారు. 1907లో వేసిన పది పెద్ద చిత్రాలు ఒక్కోటి సుమారు 3.2 మీటర్ల ఎత్తు, 2.4 మీటర్ల వెడల్పు. ఆ కొలత ఎంతో తెలియాలని పాత పేపర్లు అతికించి హాలు నేల మీద పరిచాం. పిల్లలు దాని మీద పడుకుని చూశారు, ఇంకా బోలెడు చోటు మిగిలింది! తాను పోయాక ఇరవై ఏళ్ల దాకా వీటిని ఎవరికీ చూపించవద్దని ఆవిడ చెప్పారు. 1944లో పోయారు, 1986లో గానీ లోకం చూడలేదు. చరిత్ర పుస్తకాల్లో ఆవిడకు దక్కాల్సిన చోటు ఇంకా పూర్తిగా దక్కలేదన్న బాధ నాకుంది.

హిల్మా, మోండ్రియన్ ఇద్దరూ అన్ని మతాల వెనుక ఒకే సత్యం ఉందని నమ్మే దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ)లో సభ్యులు. దాని ప్రధాన కేంద్రం మద్రాసు అడయారులో ఉంది. మోండ్రియన్ చేరింది 1909లో. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని ఆ సమాజం వాళ్లు కాబోయే జగద్గురువుగా అడయారులో గుర్తించిందీ ఆ ఏడాదే.

ప్రింట్ల ఖర్చు అనుకున్నదానికంటే పెరిగింది, కమిటీ దాన్ని ఆమోదించింది. ప్రింట్లన్నీ బీరువాలో ఉన్నాయి, రిజిస్టర్‌లో సంతకం చేసి ఇంటికి తీసుకెళ్లవచ్చు. వచ్చే ఏడాదికి కమిటీ ప్రతిపాదన: 1922 డిసెంబరులో కాండిన్‌స్కీ, మరో చిత్రకారుడు క్లీ వేసిన చిత్రాలు కలకత్తాకు వచ్చిన ప్రదర్శన. మీ అభిప్రాయాలు, చందాలు ఈ నెలాఖరులోగా అందజేయండి.

కార్యదర్శి