మంత్రి గారూ, గేట్లు ఎత్తే ముందు నదిలో ఉన్నవాళ్లకి చెప్పండి

జలవనరుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

మేము కొందరం కలిసి కయాక్‌లనే సన్నటి తెడ్డు పడవల్లో ఒక పెద్ద నది వెంట, ఎగువ నుంచి సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లడానికి సిద్ధమవుతున్నాం. నీళ్ల పక్కన పెరిగే పిల్లలకి ఈత, నీటి దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు నేర్పే ఒక సేవా సంస్థకి చందాలు పోగుచేయడం కోసం ఈ ప్రయాణం. పడవలు మావే, ఖర్చులు మావే, చందా డబ్బు మా చేతికి రాదు, ఇచ్చేవాళ్లు నేరుగా సంస్థ ఖాతాలోనే వేస్తారు. మీరొచ్చి జెండా ఊపాలనో నిధులివ్వాలనో ఈ ఉత్తరం రాయడం లేదు. మేం అడిగేది ఒక్కటే. ఏ ఆనకట్ట నుంచి ఎప్పుడు ఎంత నీరు వదలబోతున్నారో ముందుగా, అందరికీ తెలిసేలా చెప్పే ఏర్పాటు చేయండి.

ఇది తేలిగ్గా తీరే కోరికే అనుకున్నాం, అడగడం మొదలుపెట్టేదాకా. ఒక ఆఫీసులో, గేట్లు మా చేతిలోనే ఉంటాయి గానీ ఎప్పుడు ఎత్తాలో కరెంటు వాళ్లు చెప్తారన్నారు. అక్కడికి వెళ్తే డిమాండ్‌ని బట్టి ఉంటుంది, ముందే చెప్పలేం అన్నారు. ఇంకోచోట "అసలు మీరు నదిలోకి దిగడానికి పర్మిషన్ ఎవరిచ్చారు?" అని అడిగారు, ఎవరిని అడగాలో మీరే చెప్పండంటే ఆ సంగతి వాళ్లకీ తెలియదు. ఎవరూ కసురుకోలేదు, ఆ మాట కూడా చెప్పాలి. ఒకాయనైతే కూర్చోబెట్టి ఓపిగ్గా మ్యాప్ చూపించి తన సొంత నంబర్ కూడా ఇచ్చారు. కానీ నది మీద ఉన్న మనిషికి నీళ్ల సంగతి చెప్పడం వాళ్లలో ఎవరి డ్యూటీ కాదు. అది ఎవరి డ్యూటీయో కాగితం మీద తేల్చగలిగింది మీరే.

దూర ప్రయాణానికి వాడే కయాక్ సుమారు 5 మీటర్ల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండే సన్నటి పడవ. అందులో మనిషి దాదాపు నీటి మట్టంలోనే కూర్చుంటాడు, కళ్లు నీటికి మీటరు ఎత్తులో కూడా ఉండవు. రెండు కొసలా రెక్కలున్న తెడ్డు నిలకడగా వేస్తే కదలని నీటిలో గంటకి 5, 6 కిలోమీటర్లు వెళ్తాం. గుడారం, తాగే నీళ్లు, తిండి, మందులు, తడవని సంచుల్లో బట్టలు, అన్నీ పడవలోనే. మధ్యాహ్నం గాలి లేచేలోపు ఎక్కువ దూరం వెళ్లిపోవాలని వెలుగు రాగానే బయల్దేరతాం. జలాశయాల్లో ప్రవాహం చచ్చిపోతుంది, దానికి ఎదురుగాలి కూడా తోడైతే భుజాలు, మణికట్లు పడే నొప్పి తెడ్డు వేసినవాళ్లకే తెలుసు. అదంతా మేం ఇష్టపడి పెట్టుకున్న కష్టం, దాని మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. ఒంటిని తయారు చేసుకోగలం, గాలిని అంచనా వేయగలం, వాన కబురు ఫోన్‌లో చూసుకోగలం. ఎగువన కంట్రోల్ రూమ్‌లో ఒక మనిషి బటన్ నొక్కబోతున్నాడన్న సంగతి మాత్రం ఎంత అనుభవం ఉన్నా పసిగట్టలేం.

సాయంత్రం అందరి ఇళ్లలో లైట్లు వెలిగే వేళకి కరెంటు వాడకం పెరుగుతుంది, జలవిద్యుత్ కేంద్రాల్లో టర్బైన్లు తిప్పుతారు, నదిలోకి నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు డ్యామ్ కిందే ఆగిపోవు కదా, నది వాలుని బట్టి, వెడల్పుని బట్టి దిగువకి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది. అంటే సాయంత్రం వదిలిన నీళ్లు దూరంగా ఇసుక తిన్నె మీద గుడారం వేసుకున్నవాళ్ల దగ్గరికి అర్ధరాత్రి వస్తాయి. దూర ప్రయాణాలు చేసేవాళ్లు పడుకునే ముందు నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, మధ్యలో లేచి టార్చి వేసి నీళ్లు పుల్లని దాటాయా అని చూసుకుంటారు, పడవల్ని చెట్టుకో పెద్ద బండకో కట్టేస్తారు. ఇది పాత పద్ధతి, పనికొచ్చే పద్ధతే, కానీ నిద్రలో ఉన్న మనిషికి పుల్ల ఏమీ చెప్పదు. "సాయంత్రం 6 గంటలకి ఇన్ని క్యూసెక్కులు వదులుతున్నాం, ఫలానా చోటుకి ఇన్ని గంటలకి చేరుతుంది" అని మధ్యాహ్నమే ఒక మెసేజ్ వస్తే అందరం ఎత్తైన గట్టు మీద పడుకుంటాం.

2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది దగ్గర ఏం జరిగిందో తెలుగువాళ్లకి గుర్తు చేయక్కర్లేదు. హైదరాబాద్ నుంచి విహారయాత్రకి వెళ్లిన ఇంజనీరింగ్ విద్యార్థులు నదిలో దిగి ఫొటోలు దిగుతుంటే ఎగువన లార్జి జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది విద్యార్థులు కొట్టుకుపోయారు. వాళ్లు ఏ సాహసానికీ వెళ్లలేదు, నీళ్లు తక్కువగా ఉన్నాయి కదా అని దిగారు, మనలో ఎవరమైనా అదే చేసేవాళ్లం. నీళ్లు తక్కువగా కనబడటం అంటే ఎగువన గేట్లు మూసి ఉన్నాయని మాత్రమే అర్థమని కొత్తవాళ్లకి ఎలా తెలుస్తుంది? సైరన్ మోగితే సరిపోదు మంత్రి గారూ, అది ప్రవాహం హోరులో కూడా వినబడాలి, మోగిన తర్వాత గట్టెక్కడానికి సరిపడా టైమ్ ఇవ్వాలి, గేట్లు ఒకేసారి కాకుండా అంచెలంచెలుగా ఎత్తాలి.

చిన్న ఆనకట్టల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే వీటి గురించి పడవల వాళ్లకి తెలిసినంతగా ఆఫీసుల్లో తెలియదని మాకు అనిపించింది. పెద్ద డ్యామ్ దూరం నుంచే కనబడుతుంది కాబట్టి ఎవరైనా ముందే ఒడ్డుకి వెళ్లిపోతారు. మనిషెత్తు కూడా లేని ఆనకట్ట మీదుగా నీళ్లు పొర్లుతుంటే ఎగువ నుంచి పడవలో వచ్చేవాడికి అసలు కనబడదు. నది నునుపుగా ముందుకి సాగి ఒక గీత దగ్గర ఆగినట్టు ఉంటుంది, అంతే. ఆ గీతని గుర్తుపట్టేసరికి ప్రవాహం లాగేసుకుంటుంది. కిందపడిన నీళ్లు అడుగుకి వెళ్లి పైకి లేచి మళ్లీ ఆనకట్ట గోడ వైపే వెనక్కి తిరుగుతాయి. అందులో చిక్కిన పడవైనా మనిషైనా దుంగైనా గోడ దగ్గరికి వెళ్లడం, మునగడం, కాస్త దూరంలో తేలడం, మళ్లీ గోడ దగ్గరికే వెళ్లడం. ఆ నురగలో గాలి బాగా కలిసి ఉంటుంది కాబట్టి లైఫ్ జాకెట్ కూడా మామూలుగా తేల్చినంతగా తేల్చలేదు. కాపాడబోయినవాళ్లు కూడా అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్న ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. నీళ్లు పెరిగినప్పుడు ఇంకా మోసం, దిగువ మట్టం కూడా లేచి ఎత్తు తేడా తగ్గినట్టు కనబడుతుంది, చూసేవాడికి ఇక్కడేముందిలే అనిపిస్తుంది, లోపల మాత్రం ఆ తిరుగుడు బలంగానే ఉండొచ్చు.

దీనికి కావాల్సింది పెద్ద ఖర్చు కూడా కాదు. పడవని ఒడ్డుకి తిప్పుకునే వీలుండేంత ఎగువన ఒక పెద్ద బోర్డు, ఏ ఒడ్డున దిగాలో ఒక బాణం గుర్తు, పడవ మోసుకుని దిగువకి నడవడానికి ఒక కాలిబాట. నదికి అడ్డంగా కట్టిన తీగలు, ఇసుక తవ్విన గుంతలు, అడ్డవలలు కూడా ఉంటాయి, వాటిని మేం చూసుకుంటాం. ఆనకట్ట మాత్రం మీ శాఖది.

చందాల కోసం చేసే ప్రయాణంలో ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. జనం కిలోమీటరుకి ఇంత ఇస్తామని మాటిస్తారు. స్నేహితులు, బంధువులు, ముఖం కూడా తెలియనివాళ్లు రోజూ ఎక్కడిదాకా వచ్చారని ఫోన్లో చూస్తుంటారు. ఇది చాలా గొప్ప బలం, ఒళ్లు హూనమైన రోజున కూడా ముందుకి నడిపించేది అదే. అదే బలం నీళ్లు బాగాలేని రోజున మనిషిని తప్పుడు నిర్ణయం వైపు తోస్తుంది, ఇంతమంది నమ్మి డబ్బిస్తుంటే ఇప్పుడు ఆగిపోతే ఏమనుకుంటారు అని. అందుకే చందా ఇచ్చేవాళ్లకి ముందే రాసి చెప్పాం, ఏ భాగమైనా ప్రమాదమనిపిస్తే పడవలు వాహనంలో ఎక్కించి రోడ్డు మీద దాటేస్తాం, అది కూడా ప్రయాణంలో భాగమే అని. కానీ ప్రమాదం అనిపించడానికి ఒక లెక్క ఉండాలి కదా. ఇన్ని క్యూసెక్కులు దాటితే దిగం అని మాలో మేం నిర్ణయించుకుంటే సరిపోదు, ఈ రోజు ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయో చెప్పేవాళ్లు కావాలి. ప్రభుత్వం ప్రకటించిన అంకె ఎదురుగా ఉంటే అలసిపోయిన జట్టులో వాదన ఉండదు, టెన్షన్ ఉండదు, ఆగిపోయామని చెప్పుకోవడానికి సంకోచమూ ఉండదు.

మేం అడుగుతున్నది లోకంలో ఎక్కడా లేనిది కాదు. ఇంగ్లండ్‌లో థేమ్స్ నది మీద లాకుల దగ్గర బోర్డులు పెడతారు, ప్రవాహం పెరుగుతుంటే పసుపు, బలంగా ఉంటే ఎరుపు, చదువు రానివాడికి కూడా అర్థమవుతుంది. అదే దేశంలో డివైజెస్ నుంచి లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ దాకా 125 మైళ్ల పడవ పందెం 1948 నుంచి సాగుతోందంటే, చాలామంది అందులో చందాల కోసం తెడ్డు వేస్తున్నారంటే, దారిలో 77 చోట్ల పడవని ఒడ్డెక్కించి మోసుకెళ్లే వీలుండటం వల్లే. ఆస్ట్రేలియాలో ముర్రే నది మీద 404 కిలోమీటర్ల మారథాన్ 1969లో కొద్దిమంది స్నేహితులు రెడ్‌క్రాస్ కోసం మొదలుపెట్టింది. యూరప్‌లో డాన్యూబ్ నది మీద 1956లో మొదలైన అంతర్జాతీయ పడవ యాత్ర ఇప్పుడు జర్మనీ నుంచి నల్ల సముద్రం వైపు రెండు వేల కిలోమీటర్లకి పైగా, దేశాల సరిహద్దులు దాటుకుంటూ సాగుతుంది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయకి ఎగువన ఉన్న గ్లెన్ కాన్యన్ డ్యామ్‌కి 1996లోనే షరతులు పెట్టారు, గంటలో 4,000 క్యూసెక్కులకి మించి పెంచకూడదు, తగ్గించడానికి కూడా ఒక పరిమితి ఉండాలి అని. ఆ డ్యామ్ నుంచి ఎంత వదలబోతున్నారో ముందే ప్రకటిస్తారు, కింద పడవల్లో వెళ్లేవాళ్లు దాన్ని చూసుకునే ఎక్కడ ఆగాలో నిర్ణయించుకుంటారు. అంత పెద్ద డ్యామ్ వివరాలు బయటపెట్టగలిగినప్పుడు, భద్రతా కారణాల వల్ల చెప్పలేం అని ఆఫీసుల్లో మాతో అన్న మాట మరోసారి ఆలోచించాలి. గేట్ల తాళాలు ఎక్కడున్నాయో మాకు అక్కర్లేదు, నీళ్లెప్పుడొస్తాయో చెప్పండి చాలు.

అసలు ఎవరినీ నదిలోకి దిగనివ్వకపోతే గొడవే ఉండదు కదా అని కూడా కొందరు అధికారులు అన్నారు. నిషేధం మాలాంటివాళ్లని ఆపుతుంది, ఎందుకంటే మేం పర్మిషన్ అడిగేవాళ్లం. నీళ్లకి దిగే ఆడవాళ్లని, పశువుల్ని తోలుకొచ్చేవాళ్లని, చేపలు పట్టి బతికేవాళ్లని, బడి వదలగానే ఈతకి పరిగెత్తే పిల్లల్ని ఏ బోర్డు ఆపుతుంది? వాళ్లందరికీ కావాల్సింది కూడా మాకు కావాల్సిన కబురే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 చివర్లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచంలో సుమారు 3 లక్షల మంది నీట మునిగి చనిపోయారు. ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు ఐదేళ్లలోపు పిల్లలు. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. నివారణకి ఆ సంస్థ చెప్పేవాటిలో బడి వయసు పిల్లలకి ఈత, నీటి భద్రత నేర్పడం ఉంది, వరద ముప్పుని ముందే అంచనా వేసి జనాన్ని సిద్ధం చేయడం ఉంది, పడవలకి నియమాలు ఉన్నాయి. మొదటి పనికి మేం చందాలు పోగుచేస్తున్నాం. రెండోది చందాలతో అయ్యేది కాదు, ఎంత బాగా ఈత నేర్పినా గేట్లు ఎత్తినప్పుడు వచ్చే నీళ్లలో పదేళ్ల పిల్ల ఈదలేదు. ఆ పని మీ చేతిలో ఉంది.

ప్రతి డ్యామ్ కంట్రోల్ రూమ్‌లో ఎంత నీరు వస్తోంది, ఎంత పోతోంది అని గంట గంటకీ రాస్తూనే ఉంటారు. ఆ పుస్తకంలో ఉన్న అంకెలు, రాబోయే 24 గంటల అంచనాతో కలిపి, రోజూ ఒక వెబ్‌సైట్‌లో, ఫోన్ చేస్తే వినబడే ఒక నంబర్‌లో పెట్టించండి. ఇంటర్నెట్ లేని ఒడ్డున కూడా ఆ నంబర్ పనిచేయాలి. అనుకోకుండా మార్పు వస్తే దిగువ వాళ్లందరికీ మెసేజ్ వెళ్లాలి. ఒక్క నదితో మొదలుపెట్టినా చాలు, మా ప్రయాణం వెళ్లే నదే కానక్కర్లేదు.

మా వైపు నుంచి ఇవ్వగలిగింది ఒకటుంది. దారిలో తగిలే ప్రతి ఆనకట్ట దగ్గరా ఆగి, బోర్డు ఉందా, సైరన్ ఎంత దూరం వినబడుతోంది, ఏ ఒడ్డున దిగడం తేలిక, పడవ మోసుకెళ్లడానికి దారి ఎలా ఉంది అన్నవి ఫొటోలతో సహా రాసి మీ శాఖకి పంపిస్తాం, దానికి పైసా అక్కర్లేదు. వానలు తగ్గి నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు బయల్దేరాలని అనుకుంటున్నాం, తేదీ మాత్రం మీ జవాబు వచ్చాకే ఖాయం చేస్తాం. ఈ ఉత్తరం అందరూ చూసేలా రాశాం కాబట్టి జవాబు కూడా అందరూ చూసేలా ఇవ్వండి, కనీసం ఏ అధికారిని అడగాలో పేరు, నంబర్ ప్రకటించండి, మేం రేపే వెళ్లి కలుస్తాం.

ఇట్లు
కయాక్ ప్రయాణానికి సిద్ధమవుతున్న బృందం తరఫున ఒకరు