తాళాలు మోగించే బిళ్ళ కన్నా ముందు ఒక నోట్‌బుక్ కావాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో కొత్త వ్యాపారాల పేజీ నేను వదలకుండా చదువుతాను. మొన్న అందులో ఇంట్లో కనపడకుండా పోయిన వస్తువులు వెతికిపెట్టే పరికరం గురించి రాస్తూ, ఐడియా రాగానే యాప్ చేయించేయండి, లేట్ చేస్తే వేరేవాళ్ళు ముందు వచ్చేస్తారు అని సలహా ఇచ్చారు. సరిగ్గా ఇదే ఐడియా మీద నేనూ మా తమ్ముడూ దాదాపు ఐదు నెలలు పనిచేశాం, అందుకే అది చదివి ఊరుకోలేక రాస్తున్నాను.

మేం కూడా మొదట తెలిసినవాళ్ళ దగ్గరికెళ్ళి, ఫోన్లో నొక్కగానే మోగే బిళ్ళ తాళాలకి తగిలిస్తే కొంటారా అని అడిగాం. ఒక్కరు కూడా వద్దనలేదు. చాలా బాగుందమ్మా, మా ఇంట్లో రోజూ ఇదే గోల అన్నారు. అదంతా మొహమాటం అండీ, ఎదురుగా ఆశగా కూర్చున్న మనిషి మొహం మీద కొనను అని ఎవరంటారు? ఆ మాటలు పట్టుకుని యాప్ రాసేవాళ్ళతో మాట్లాడటం కూడా మొదలుపెట్టేశాం, అదృష్టం బాగుండి అడ్వాన్స్ ఇవ్వకముందే ఆగాం.

తర్వాత ప్రశ్న మార్చాం. కొంటారా అనడం మానేసి, ఈమధ్య ఏం కనపడకుండా పోయింది, ఎంతసేపు వెతికారు, చివరికి ఎక్కడ దొరికింది అని అడిగితే ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఇక లాభం లేదని పది ఇళ్ళకి తలా ఒక నోట్‌బుక్ ఇచ్చి, ఏదైనా వెతకాల్సి వచ్చిన ప్రతిసారీ ఒక్క లైన్ రాయండి అని మూడు వారాలు బతిమాలాం.

అందులో అన్నిటికన్నా ఎక్కువసార్లు కనపడింది తాళాలు కాదు, కళ్ళజోడు. ఆపిల్ వాళ్ళ ఎయిర్‌ట్యాగ్ బిళ్ళే తీసుకోండి, దాదాపు 32 మిల్లీమీటర్ల వెడల్పు, 11 గ్రాముల బరువు, అది కళ్ళజోడుకి ఎక్కడ తగిలిస్తాం? పైగా అద్దాలు లేకుండా ఫోన్లో అక్షరాలు కనపడని మనిషికి యాప్ తెరిచి వెతుక్కో అంటే ఏం న్యాయం. తర్వాత ఎక్కువగా రాసినవి రిమోట్, చార్జర్, కత్తెర. ఇవి ఒకరివి కావు, ఇంటందరివీ, ఒకరు వాడి ఎక్కడో పెడితే ఇంకొకరు వెతుకుతారు, మరి ఆ బిళ్ళ ఎవరి ఫోన్‌కి కట్టాలి? ఇవేవీ మాకు ముందు తట్టలేదు. మతిమరుపు మీద పనిచేసిన సైకాలజిస్ట్ డేనియల్ షాక్టర్ ఇలా వస్తువు ఎక్కడ పెట్టామో మర్చిపోవడాన్ని పరధ్యానం కిందే లెక్కేశారు, అంటే వస్తువు పెట్టేటప్పుడు మనసు అక్కడ లేకపోతే ఎక్కడ పెట్టామన్నది అసలు లోపల రాసుకోదన్నమాట, తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా రాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇంట్లో పోవడం, బయట పోవడం రెండూ వేరు వేరు వ్యాపారాలు. ఈ చిన్న బిళ్ళల్లో మామూలుగా జీపీఎస్ ఉండదు, బ్లూటూత్ ఉంటుంది. ఇంట్లో అయితే దగ్గరికెళ్ళి మోగిస్తే సరిపోతుంది. బయట పడిపోతే మాత్రం దాని పక్కనుంచి వెళ్ళే వేరేవాళ్ళ ఫోన్లు ఆ సిగ్నల్ పట్టుకుని మనకి చెప్పాలి. ఆపిల్ 2021లో ఎయిర్‌ట్యాగ్ తెచ్చేసరికే జనం చేతుల్లో వాళ్ళ ఫోన్లు కోట్లలో ఉన్నాయి, గూగుల్ కూడా 2024లో ఆండ్రాయిడ్ ఫోన్లతో అలాంటి నెట్‌వర్కే మొదలుపెట్టింది. కొత్తగా వచ్చే చిన్న కంపెనీకి అన్ని ఫోన్లు ఎక్కడివి? ఇలాంటి బిళ్ళలే అమ్మే టైల్ అనే కంపెనీ వాళ్ళు ఈ రెండిటి కన్నా చాలా ముందు వచ్చారు, వాళ్ళు కూడా 2013లో వస్తువు చేతికి ఇవ్వకముందే ముందస్తు ఆర్డర్లతో 26 లక్షల డాలర్ల పైన వసూలు చేశాకే ముందుకెళ్ళారు. కొంటాను అనే మాట వేరు, డబ్బు తీసి ఇవ్వడం వేరు.

అందుకని మేం సొంతంగా ఏమీ తయారు చేయలేదు. బజార్లో దొరికే బిళ్ళలే కొని ఆ ఇళ్ళకే డిపాజిట్ తీసుకుని ఇచ్చాం, నెల తర్వాత బిళ్ళ ఉంచుకుంటారా, డబ్బు వెనక్కి కావాలా అని అడిగాం. ఎక్కువమంది డబ్బే అడిగారు, కొన్ని బిళ్ళలు డ్రాయర్లోంచి కూడా బయటికి రాలేదు. ఒకావిడ మాత్రం బిళ్ళ ఇవ్వనంది. వాళ్ళ అమ్మగారికి జ్ఞాపకం తగ్గిపోతోంది, పర్సు కనపడకపోతే ఎవరో దొంగిలించారని భయపడి ఏడుస్తారట, అది మోగితే చాలు ఆ తల్లి శాంతిస్తుందట. ఇది చెప్తూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది. మా ఐదు నెలల్లో నిజమైన కస్టమర్ కనిపించింది ఆ ఒక్క ఇంట్లోనే, అంతకుముందు ఎవరి కోసం చేస్తున్నామో మాకే తెలియదు. ఇప్పుడు అలాంటి ఇళ్ళనే వెతుక్కుంటూ వెళ్తున్నాం, యాప్ ఇంకా రాయలేదు.

మీ వ్యాసంలో ఇంకో మాట లేకపోవడం నాకు బాధనిపించింది. ఇలాంటి బిళ్ళ ఒక మనిషి బ్యాగులో చెప్పకుండా పడేస్తే అది వెంటపడే పరికరం అయిపోతుంది. ఆపిల్, గూగుల్ కలిసి 2024 మే నుంచి, తెలియని బిళ్ళ మనతోపాటు కదులుతుంటే ఫోన్లో హెచ్చరిక వచ్చేలా చేశాయి. కొత్తగా చేసేవాళ్ళు మొదటి రోజే ఈ సంగతి పట్టించుకోవాలి.

దయచేసి మీ పేజీలో కంపెనీ పెట్టినవాళ్ళ కథలతో పాటు, టెస్ట్ చేసి ఆపేసినవాళ్ళవీ, దారి మార్చుకున్నవాళ్ళవీ వేయండి. మా పది నోట్‌బుక్కులు పేర్లు కొట్టేసి జాగ్రత్తగా పెట్టాం, ఆ పేజీ రాసేవారికి పనికొస్తాయంటే పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు