కొత్త గేమ్ 599 రూపాయలు: లెక్క మీ ముందే పెడుతున్నాం

నమస్తే. మా కొత్త గేమ్ డెమో వచ్చిన దగ్గర్నుంచి మీ మెయిల్స్‌లో ఎక్కువగా కనిపిస్తున్న ప్రశ్న ఒకటే: "ఫుల్ గేమ్ ఎంత?" మన దేశంలో 599 రూపాయలు. అమెరికాలో 14.99 డాలర్లు. విడుదల వారం పది శాతం తగ్గింపు ఉంటుంది. ఆ తర్వాత ఏడాది దాకా ఏ సేల్ వచ్చినా సగం ధర కంటే కిందికి దించం. ఈ నిర్ణయం మీలో కొందరికి నచ్చదని తెలుసు. అందుకే వివరంగా రాస్తున్నాం.

మమ్మల్ని కొత్తగా చూస్తున్నవాళ్లకి ఒక్క మాట. మాది హైదరాబాద్‌లో ఓ చిన్న స్టూడియో. పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేమ్స్ చేస్తాం. వీటిలో తుపాకులు ఉండవు, లెవెల్స్ ఉండవు. ఒక ఇల్లు, నలుగురు మనుషులు, ఒక చిక్కుముడి ఉంటాయి. వస్తువులు వెతకాలి, మాట్లాడించాలి, దేన్ని దేనితో కలపాలో ఆలోచించాలి. కొత్త కథ రాజమండ్రిలో గోదావరి గట్టు దగ్గర ఓ పాత పెంకుటింట్లో జరుగుతుంది. మాటలన్నీ తెలుగులోనే.

డెమో ఆడిన ఓ కుర్రాడు ఇలా రాశాడు: "అన్నా, అదిరింది. కానీ ఐదారు గంటల్లో అయిపోయే గేమ్‌కి ఐదొందలు దాటితే ఎవరు కొంటారు? ఆ డబ్బుకి సేల్‌లో వంద గంటల గేమ్ వస్తుంది." న్యాయమైన ప్రశ్నే. జేబులో ఉన్న ఐదొందలు ఎక్కడ పెట్టాలో చూసుకోవడం తప్పు కాదు. కాకపోతే గంటల లెక్క ఈ రకం ఆటలకి అస్సలు సరిపోదని మా నమ్మకం. ఎందుకో ఒక్క గది చూపించి చెబుతాను.

డెమోలో అటక ఎక్కారు కదా. అక్కడ భోషాణం పక్కన బియ్యం కొలిచే సోల, తవ్వ, మానిక ఉన్నాయి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆ లెక్క తెలిస్తేనే భోషాణం తెరుచుకుంటుంది. ఈ తరం పిల్లలకి అది తెలియదు కాబట్టి కింద వసారాలో బియ్యం కొలిచే నాయనమ్మని మాట్లాడించాలి. ఆవిడ నేరుగా చెప్పదు, కొలుస్తూ తనలో తాను లెక్కపెట్టుకుంటుంది, మనం గమనించాలి. సరిగ్గా చేసినవాళ్లకి ఇది కొద్ది నిమిషాల పని. మాకు మాత్రం అసలు పని తప్పు ప్రయత్నాల దగ్గరుంది. తవ్వతో దీపంలో నూనె పోయబోతే గేమ్ ఏమంటుంది? మానికని కిటికీలోంచి విసిరేయబోతే? ఖాళీ సోల తీసుకెళ్లి నాయనమ్మకే ఇస్తే? ఒక్కోదానికీ ఒక్కో మాట రాయాలి, నటులు స్టూడియోకి వచ్చి చెప్పాలి, బొమ్మ కదలాలి. అందులో చాలా భాగం చాలామంది ఎప్పటికీ చూడరు. అయినా వదిలేయలేం. ఏం నొక్కినా "అది కుదరదు" అనే ఒక్క జవాబే వస్తే ఆ ఇల్లు అట్టపెట్టెలా అనిపిస్తుంది. యుద్ధాల గేమ్‌లో ఒక గోడ గీస్తే అది వందసార్లు వాడుకోవచ్చు. మా అటకకి ఆటగాడు ఒక్కసారే వస్తాడు, ముడి విప్పాక మళ్లీ రాడు. ఆ ఒక్కసారి కోసం పెట్టిన ఖర్చు గంటల్లో కనిపించదు.

పెద్ద ఉదాహరణలు కూడా ఇదే చెబుతున్నాయి. 2016లో వచ్చిన ఫైర్‌వాచ్ నాలుగైదు గంటల కథ, ధర 19.99 డాలర్లు. 2023లో టొరంటోకి చెందిన విసై గేమ్స్ వాళ్లు తీసిన వెన్బా, కెనడా వెళ్లిన తమిళ కుటుంబం వంటింటి కథ, ఇంకా చిన్నది. ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది. ధర 14.99 డాలర్లు. నిడివి చూసి పెదవి విరిచినవాళ్లు ఉన్నారు, అయినా మరుసటి ఏడాది దానికి బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ తొలి గేమ్ అవార్డు వచ్చింది. మన పొరుగువాళ్ల ఇడ్లీ, బిర్యానీల కథ ప్రపంచం ముందు ఆ ధరకి నిలబడగలిగినప్పుడు నాయనమ్మ సోల, తవ్వలు ఎందుకు నిలబడవు?

ఇక అసలు సంగతి: ఆటగాళ్లు ఎంతవరకు ఇస్తారు? మేం చూసినంతలో దీనికి ఒక అంకె లేదు. ఒకే మనిషి ఒకచోట రెండు డాలర్లకి గొడవపడతాడు, మరోచోట నలభై డాలర్లు సంతోషంగా ఇస్తాడు.

2012 ఫిబ్రవరిలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని డబుల్ ఫైన్ స్టూడియో, పేరున్న గేమ్ డిజైనర్ టిమ్ షేఫర్ స్థాపించిన సంస్థ, జనం దగ్గర ముందుగా చందాలు సేకరించే కిక్‌స్టార్టర్ అనే సైట్‌లో ఒక అడ్వెంచర్ గేమ్ కోసం 4 లక్షల డాలర్లు అడిగింది. అప్పటికి పెద్ద పబ్లిషర్లు ఈ రకం ఆటలకి డబ్బు పెట్టడం దాదాపు మానేశారు. గేమ్‌కి పేరు లేదు, కథ లేదు, చూపించడానికి ఒక్క బొమ్మా లేదు. 87,142 మంది కలిసి 33 లక్షల డాలర్లకి పైగా ఇచ్చారు. 15 డాలర్లు ఇస్తే గేమ్ చేతికొస్తుంది. కానీ సగటున ఒక్కొక్కరు ఇచ్చింది 38 డాలర్ల పైమాటే. అంటే గేమ్ ధరకి రెండింతల కంటే ఎక్కువ. ఎవరూ తీయని ఆట తీస్తున్నారు, తయారీ అంతా డాక్యుమెంటరీగా చూపిస్తామన్నారు, అందుకని ఇచ్చారు. ఈ లెక్క చూసినప్పుడల్లా నాకు ధైర్యం వస్తుంది.

దానికి పూర్తి విరుద్ధంగా 2014లో మాన్యుమెంట్ వ్యాలీ. మొబైల్‌లో 3.99 డాలర్లకి వచ్చిన అందమైన పజిల్ గేమ్, జనం నెత్తిన పెట్టుకున్నారు. ఆ ఏడాది చివర్లో కొత్త అధ్యాయాలు తెచ్చి 1.99 డాలర్లు అడిగారు. ఆ గేమ్‌ని మెచ్చుకున్నవాళ్లే కొందరు ఒక్క స్టార్ ఇచ్చేశారు. ఇంకో విషయం కూడా ఆ స్టూడియోనే చెప్పింది: ఆండ్రాయిడ్‌లో ఇన్‌స్టాల్ అయినవాటిలో డబ్బు కట్టినవి 5 శాతమే, ఐఫోన్ వైపు 40 శాతం. ఒకసారి కొన్నవాళ్లే రెండు మూడు ఫోన్లలో వేసుకుని ఉండొచ్చు, అది తీసేసి చూసినా తేడా చాలా పెద్దది. మన దగ్గర దాదాపు అందరి చేతిలో ఉండేది ఆండ్రాయిడే. "ముందు మొబైల్‌లో వదలండి" అని మీరు అడిగినప్పుడల్లా వెంటనే సరేననలేకపోవడానికి కారణం ఇదే. మొబైల్ వెర్షన్ వస్తుంది, కానీ కంప్యూటర్ వెర్షన్ తర్వాతే.

"అయితే గేమ్ ఫ్రీగా ఇచ్చి హింట్‌లకి డబ్బు తీసుకోండి, యాడ్ చూస్తే ఒక హింట్ ఇవ్వండి" అన్న సలహా కూడా చాలామంది నుంచి వచ్చింది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1980లలో అమెరికాలో ఇన్ఫోకామ్ అనే కంపెనీ అక్షరాలతోనే నడిచే తన టెక్స్ట్ అడ్వెంచర్ గేమ్స్‌కి ఇన్విజిక్లూస్ అనే పుస్తకాలు విడిగా అమ్మేది. జవాబులు కనపడని సిరాతో అచ్చు వేసేవారు, పుస్తకంతోపాటు ఇచ్చే పెన్నుతో రుద్దితే ఒక్కో వాక్యం బయటపడేది. బాగా అమ్ముడుపోయాయి. సియెర్రా అనే మరో గేమ్ కంపెనీ అయితే ఫోన్ చేసి అడిగితే సాయం చెప్పే హింట్ లైన్ కూడా నడిపింది. చిక్కుకుపోయిన ఆటగాడు డబ్బు ఇస్తాడు, అందులో సందేహం లేదు. కానీ ఆ దారిలో వెళితే ఏమవుతుందో ఆలోచించండి. హింట్ అమ్ముకునేవాడికి ముడి ఎంత అన్యాయంగా ఉంటే అంత లాభం. నాయనమ్మ లెక్క వినిపించీ వినిపించనట్టు పెడితే నాలుగు హింట్లు అమ్ముడవుతాయి. అలాంటి ఆట మా చేత కాదు. హింట్‌లు గేమ్‌లోనే ఉంటాయి, మూడు మెట్లలో, ఉచితంగా. మొదటిది ఎటు చూడాలో చెబుతుంది, రెండోది ఏ వస్తువో చెబుతుంది, మూడోది జవాబు.

భాగాలుగా అమ్మే పద్ధతి మీదా మాలో మేం చాలాసేపు వాదించుకున్నాం. 2012లో టెల్‌టేల్ అనే స్టూడియో తీసిన వాకింగ్ డెడ్ గేమ్ ఐదు ఎపిసోడ్లుగా వచ్చింది, ఒక్కోటి 5 డాలర్లు, మొత్తం 25. చిన్న మొత్తం కాబట్టి కొనేవాళ్లకి టెన్షన్ లేదు, ఊళ్లో సీరియల్ చూసినట్టు తర్వాతిది ఎప్పుడా అని ఎదురుచూశారు. అదే సంస్థ 2018 సెప్టెంబర్‌లో కుప్పకూలింది. ఆ నెల ముగిసేసరికి వాకింగ్ డెడ్ ఆఖరి సీజన్‌లో సగమే బయటికొచ్చింది. మొత్తం సీజన్‌కి ముందే కట్టినవాళ్లు మిగతాది వస్తుందో రాదో తెలియక ఉండిపోయారు. తర్వాత వేరే సంస్థ తీసుకుని పూర్తిచేసింది కాబట్టి సరిపోయింది. డబుల్ ఫైన్ గేమ్ కూడా 2012 అక్టోబర్‌లో వస్తుందనుకుంటే బ్రోకెన్ ఏజ్ పేరుతో మొదటి సగం 2014లో, రెండో సగం 2015లో వచ్చాయి. అంత పేరున్నవాళ్లకే అలా అయింది. మాలాంటి చిన్నవాళ్లం మీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని, మధ్యలో ఎవరికైనా ఒంట్లో బాగోక పని ఆగిపోతే మీకు ఏం సమాధానం చెప్పాలి? కాబట్టి ప్రీ ఆర్డర్ లేదు, ఎపిసోడ్లు లేవు. కథ మొత్తం పూర్తయ్యాకే అమ్ముతాం.

ఇప్పుడు 599లో మా చేతికి వచ్చేది. కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో కనపడే ధరలోనే 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, అది తీసేస్తే సుమారు 508. అందులో 30 శాతం స్టోర్ వాటా. మిగిలేది 355 చిల్లర. ఎవరైనా రీఫండ్ తీసుకుంటే అదీ పోతుంది. ఇందులోంచే నటులకి, బొమ్మలు వేసేవాళ్లకి, సంగీతానికి, ఆఫీసు అద్దెకి. ఇదే గేమ్ 80 శాతం తగ్గింపులో అమ్మితే మాకు వచ్చేది సుమారు 71 రూపాయలు. అప్పుడు అమ్మకాలు పెరుగుతాయి, అది మా మొదటి గేమ్‌తోనే చూశాం. కానీ విడుదలైన మూడు నెలలకే అంత తగ్గిస్తే కొత్తలోనే పూర్తి ధర ఇచ్చి కొన్నవాళ్ల ముఖం ఎలా చూడగలం? పైగా మిగతావాళ్లు విష్‌లిస్ట్‌లో పెట్టుకుని సేల్ కోసం కాచుకుని ఉంటారు, వాళ్లని తప్పుపట్టడానికీ ఉండదు. అలవాటు చేసింది మేమే అవుతాం.

రీఫండ్ గురించి కూడా నిజాయితీగా. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. గంటన్నరలో అయిపోయే ఆటలు తీసేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. మా గేమ్‌కి రెండు గంటలు అంటే సుమారు మూడో వంతు. నచ్చకపోతే నిస్సంకోచంగా వెనక్కిచ్చేయండి, కారణం ఒక్క లైన్ రాస్తే మాకు మేలు. దానికంటే ముందు డెమో ఆడండి. కత్తిరించిన ట్రైలర్ లాంటిది కాదు అది, మొదటి అధ్యాయం మొత్తం. కొనాలో వద్దో తేల్చుకోవడానికి అది చాలు.

యూట్యూబ్‌లో మొత్తం ఆట ఆడి చూపించేవాళ్ల సంగతి. కథే ప్రాణమైన ఆటకి ఇది నిజంగానే నష్టం. చూసేస్తే మళ్లీ కొనాల్సిన అవసరం చాలామందికి ఉండదు. అయినా ఎవరి వీడియోనీ తీయించం. తెలుగులో గేమ్ ఉందన్న సంగతే చాలామందికి ఆ వీడియోల వల్ల తెలిసింది. ఒక్కటే విన్నపం: విడుదలైన మొదటి రెండు వారాలు చివరి అధ్యాయం పెట్టకండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు కొందరు "మాకెందుకు రెట్టింపు?" అని అడిగారు. మన దగ్గర డిగ్రీ చదివే పిల్లవాడికి 599 అంటే ఆలోచించి పెట్టాల్సిన ఖర్చు. అక్కడి ధరని రూపాయల్లోకి మార్చి ఇక్కడ పెడితే ఈ ఆట ఎవరి భాషలో ఉందో వాళ్లకే అందదు. మీరు ఇచ్చే తేడా వల్లే ఇక్కడి ధర ఇలా ఉండగలుగుతోంది. ఇందుకు మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఇంకా ఇవ్వాలనుకునేవాళ్లకి విడిగా 299 రూపాయల సపోర్టర్ ప్యాక్ ఉంటుంది: పాటలు, బొమ్మల పుస్తకం, అటక గది మొదటి స్కెచ్ నుంచి చివరిదాకా ఎలా మారిందో చూపించే వీడియో. అది కొనకపోతే ఆటలో మీకు ఏదీ తగ్గదు. మన మొదటి గేమ్ ఇప్పటికే కొన్నవాళ్లు కొత్తది విడిగా కొనకండి. స్టోర్ పేజీలో రెండూ కలిపిన బండిల్ ఉంటుంది, అందులోంచి తీసుకుంటే మొదటిది మీ దగ్గర ఉన్నట్టు గుర్తించి కొత్తదాని మీద 20 శాతం తగ్గిస్తుంది. ఆ తగ్గింపు విడుదల వారంతో అయిపోదు, ఎప్పుడు కొన్నా వర్తిస్తుంది.