కెమెరా పట్టుకుని తిట్టేవాళ్ల గురించి

చిట్టితల్లీ,

లైవ్ వీడియోల్లో భారతీయుల మీదా, యూదుల మీదా విషం కక్కే అమెరికా అతివాద రైట్‌వింగ్ స్ట్రీమర్ నిక్ ఫ్యూయెంటెస్ క్లిప్పులు పంపి, ఇన్నేసి మాటలంటున్నా అక్కడి ప్రభుత్వం ఎందుకు ఊరుకుంటోందని అడిగావు. ఇక్కడ ఇండియాలో పెరిగి, అక్కడ చదువుకోవడానికి వెళ్లిన పిల్లకి ఆ ప్రశ్న రావడం సహజం. మన రాజ్యాంగం 19(1)(ఎ)లో వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చి, 19(2)లో శాంతిభద్రతల వంటి కారణాలకు హద్దులు పెట్టనిస్తుంది. వర్గాల మధ్య చిచ్చు రేపితే భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ ఉంది.

అమెరికాలో అలాంటి సెక్షన్ లేదు. ఒక జాతిని కించపరిచే మాటకీ రాజ్యాంగ రక్షణ ఉందని 2017లో మాటల్ వర్సెస్ టామ్ కేసులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. "భారతీయులందర్నీ వెళ్లగొట్టాలి" అంటే నేరం కాదు. ఒక ఇంటి ముందు చేరిన గుంపుని "ఇప్పుడే తలుపు పగలగొట్టండి" అని లైవ్‌లో ఉసిగొల్పితే నేరమవుతుంది. తక్షణ హింసకు పురిగొల్పాలన్న ఉద్దేశం, అది జరిగే అవకాశం, రెండూ ఉండాలని 1969 నాటి బ్రాండెన్‌బర్గ్ తీర్పు. బెదిరింపుకి రక్షణ లేదు. అబద్ధాలతో ఒకరి పరువు తీస్తే సివిల్ దావా పడుతుంది: శాండీ హుక్ స్కూల్ కాల్పులు బూటకమని ప్రచారం చేసిన అలెక్స్ జోన్స్‌పై 2022లో కనెక్టికట్ జ్యూరీ దాదాపు 96.5 కోట్ల డాలర్ల పరిహారం వేసింది.

ఈ రక్షణంతా ప్రభుత్వం వేసే శిక్ష నుంచే, కంపెనీల నిర్ణయాల నుంచి కాదు. ఫ్యూయెంటెస్‌ని యూట్యూబ్ 2020లో తీసేసింది, ఎక్స్ (పాత ట్విట్టర్) 2024లో మళ్లీ రానిచ్చింది. రెండూ కంపెనీల ఇష్టం.

అతన్ని జైల్లో పెట్టకపోవడం సరైనదే అంటాను. ఆ అధికారం రేపు ఎవరి చేతికి పోతుందో చెప్పలేం. నన్ను కలవరపెట్టేది పెద్దల తీరు. 2025 అక్టోబరులో పేరున్న రైట్‌వింగ్ వ్యాఖ్యాత టకర్ కార్ల్‌సన్ అతన్ని కూర్చోబెట్టి మెత్తగా ఇంటర్వ్యూ చేశాడు. రైట్‌వింగ్ మేధో సంస్థ హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడు కార్ల్‌సన్‌ని వెనకేసుకొచ్చాడు. వ్యాఖ్యాత బెన్ షపీరో వంటి రైట్‌వింగ్ వాళ్లే కొందరు దీన్ని తప్పుపట్టారు. పశ్చిమగోదావరి మూలాలున్న ఉష భార్య కావడమే అప్పటి ఉపాధ్యక్ష అభ్యర్థి జేడీ వాన్స్‌లో లోపమన్నట్టు 2024లోనే ఫ్యూయెంటెస్ మాట్లాడాడు. మాట్లాడే హక్కు ఉన్నంత మాత్రాన ఎవరూ పిలిచి పీట వేయనక్కర్లేదు.

ఇలాంటివాళ్ల లైవ్‌లో డబ్బు కట్టి మెసేజ్ పెట్టే ప్రేక్షకులుంటారు. వాటికి స్ట్రీమర్ ఎంత ఘాటుగా జవాబిస్తే అంత పెద్ద క్లిప్. దాన్ని నువ్వు తిడుతూ షేర్ చేసినా చూసేవాళ్లు పెరుగుతారు. అందుకే కోట్ పోస్ట్ (అతని పోస్టుకి నీ మాట జోడించి మళ్లీ పెట్టడం) చేయకు.

నీ పేరో, ఫొటోనో, అడ్రసో బయటపెట్టి బెదిరిస్తే మాత్రం ఊరుకోకు. లైవ్ ఎప్పుడైనా డిలీట్ కావచ్చు. ముందు స్క్రీన్ రికార్డ్ చెయ్యి. లింకు, అకౌంట్ పేరు, తేదీ, టైము కనిపించాలి. తర్వాతే ప్లాట్‌ఫామ్‌కి రిపోర్ట్ చెయ్యి. ఆ వెంటనే క్యాంపస్ పోలీసులకి చెప్పి రిపోర్ట్ నంబరు తీసుకో. ఊరికే "భయమేస్తోంది" అంటే లాభం లేదు, అన్న మాట అన్నట్టే చూపించు.

వీధిలో ఎవరైనా మొహం మీద కెమెరా పెడితే, బహిరంగ స్థలంలో తీయడం సాధారణంగా చట్టబద్ధమే. ఫోన్ లాక్కోవద్దు, చెయ్యి అడ్డం పెట్టి తోయొద్దు. దాడి కేసు నీ మీదకే తిరుగుతుంది. వాళ్లకి కావాల్సిందీ అదే. దగ్గర్లోని షాపులోకి వెళ్లి మేనేజర్‌తో చెప్పు. అది ప్రైవేటు స్థలం, అతన్ని బయటికి పొమ్మనే హక్కు వాళ్లకుంది. చిన్న కేసైనా నీకు ప్రమాదమే: 2025 వసంతంలో చిన్న కేసులున్న విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల కోసం అమెరికా ప్రభుత్వం ఉంచే రికార్డులు) కూడా రద్దు చేశారు, కోర్టుకెళ్లాక చాలామందివి తిరిగొచ్చాయి. నీది ఎఫ్‌-1 విద్యార్థి వీసా అని మరిచిపోకు.

క్యాంపస్ పోలీసు నంబరు, అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు నంబరు ఈ రోజే ఫోన్‌లో వేసుకుని, నీ రూమ్మేట్లకీ ఇవ్వు.

ప్రేమతో,
నాన్న